ఈ వారం కెల్లీవిల్: మూడు బంతులు ఆగండి

ఇది మా ఇంటి వారం, డిసెంబర్ 26, 2024 నుంచి జనవరి 1, 2025 వరకు. ఎప్పటిలాగే ముందు వార్తలు, తర్వాత ఆటలు, తర్వాత ఇల్లు. ఎప్పటిలాగే తప్పులు నావి, దిద్దినవి అమ్మమ్మవి. ఈసారి చివర ఒక అభిప్రాయం కూడా ఉంది. అది చదివి మీ ఇంట్లో పెద్దవాళ్ళు కోప్పడితే నా మీదకి తోసేయండి.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం మా జట్టు వివరాలు చెప్తాను. మేం ఉండేది కెల్లీవిల్‌లో. అది సిడ్నీకి వాయవ్యంలో ఉంది. ("వాయవ్యం" నిన్ననే నేర్చుకున్నాను. అందుకే వాడేశాను.) నాన్నది విశాఖపట్నం. అమ్మది గుడివాడ. తమ్ముడిది కెల్లీవిల్, వాడు ఇంకే ఊరూ ఒప్పుకోడు. నేను పుట్టిందీ ఇక్కడే. 22 ఏళ్ళు తెలుగు వింటూ పెరిగాను, మాట్లాడకుండా పెరిగాను. తర్వాత అక్షరాలు దిద్దుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు 26. ఆగస్టు నుంచి మా ఇంట్లో అమ్మమ్మ కూడా ఉంది. వయసు 79. ఇంగ్లీషు రాదు. క్రికెట్ బాగా వచ్చు. ఈ ఆదివారం, జనవరి 5న, గుడివాడ వెళ్ళిపోతోంది.

వార్తలు

మొదటి వార్త రైళ్ళది. డిసెంబరంతా సిడ్నీ రైలు ఉద్యోగుల సంఘానికీ, రాష్ట్ర ప్రభుత్వానికీ జీతాల గొడవ. డిసెంబర్ 31 రాత్రి రైళ్ళు సరిగ్గా నడవకపోతే హార్బర్ దగ్గర లక్షల మంది ఇరుక్కుపోతారని, బాణసంచా రద్దు చేయాల్సి రావచ్చని పోలీసులు కూడా అన్నారు. చివరికి పండక్కి ముందే సంఘం వెనక్కి తగ్గింది. బాణసంచా మామూలుగానే పేలింది.

ఈ వార్తని అమ్మమ్మకి నేనే తెలుగులో చెప్పాలనుకున్నాను. అసలు మాట "సమ్మె". నా నోట్లోంచి వచ్చింది "సొమ్ము". "అమ్మమ్మా, రైలువాళ్ళు సొమ్ము చేసుకుంటున్నారు" అన్నాను. "చేసుకోనీవే, పండగ కదా" అంది. తర్వాత ఆలోచిస్తే, గొడవ జీతాల గురించే కాబట్టి నేను పెద్ద తప్పేమీ చెప్పలేదు. కానీ అప్పటికే అమ్మ ఆ మాటని 43 మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. గుంటూరు నుంచి ఒకరు, డాలస్ నుంచి ఇద్దరు నవ్వుతున్న బొమ్మలు పంపారు.

మా కెల్లీవిల్ స్టేషన్‌కి ఈ గొడవ అంటలేదు. మాది మెట్రో, దానికి డ్రైవరే ఉండడు. 2019 మే 26న టాలవాంగ్ నుంచి చాట్స్‌వుడ్ వరకు మొదలైంది. 2024 ఆగస్టు 19న నగరం కిందుగా సిడెన్‌హామ్ వరకు పెరిగింది. అమ్మమ్మ వచ్చింది కూడా ఆగస్టులోనే. "నేను వస్తున్నాననే పొడిగించారు" అంటుంది. మొదటిసారి ఎక్కినప్పుడు ముందు అద్దం దగ్గర నిలబడి, "డ్రైవరు ఏడే?" అంది. "లేడు" అన్నాను. "టిఫిన్‌కి వెళ్ళాడా?" అంది. కాసేపు వెతికి, ఇంకెవరూ రారని నమ్మకం కుదిరాక, తన సంచీని గట్టిగా పట్టుకుని కూర్చుంది.

రెండో వార్త మన్మోహన్ సింగ్ గారిది. 26 రాత్రి ఢిల్లీలో పోయారు. అప్పటికి మాకు శుక్రవారం తెల్లవారుజాము. పొద్దున నాన్న కాఫీ తాగకుండా టీవీ ముందు కూర్చున్నారు. 1991లో పీవీ నరసింహారావు గారు ప్రధాని అయ్యి మన్మోహన్ సింగ్ గారిని ఆర్థిక మంత్రిని చేసినప్పుడు నాన్న విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నారట. "ఆ ఇద్దరూ ఆ పని చేయకపోతే మనం ఇక్కడ ఉండేవాళ్ళం కాదేమో" అన్నారు. నాకు చాలా అడగాలనిపించింది. కానీ ఆర్థిక సంస్కరణలకి నా దగ్గర తెలుగు లేదు. ఇంగ్లీషులో అడిగాను. ఇంగ్లీషులో జవాబు వచ్చింది. రెండు నిమిషాల్లో అయిపోయింది, ఆఫీసు మీటింగులాగ. ఈ రెండు నిమిషాలు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడతాయి.

మూడో వార్త రాకెట్టు. డిసెంబర్ 30 రాత్రి 10 గంటలకి శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ60 ఎగిరింది. మాకు అది మంగళవారం పొద్దున 3:30. అమ్మమ్మ ఎలాగూ ఆ టైముకి లేచే ఉంటుంది. నేను అలారం పెట్టుకుని లేచాను. ఒక్కొక్కటి సుమారు 220 కిలోల ఉపగ్రహాలు రెండు పైకి వెళ్ళాయి. అక్కడ విడిపోయి, మళ్ళీ దగ్గరికి వచ్చి, ఒకదానికొకటి అతుక్కోవాలి. అప్పటి వరకు ఈ పని సొంతంగా చేసినవి అమెరికా, రష్యా, చైనా మాత్రమే. అదే రాకెట్టులో ఒక చిన్న డబ్బాలో 8 బొబ్బర్లు కూడా వెళ్ళాయి. అంతరిక్షంలో మొలకెత్తుతాయో లేదో చూడటానికట.

"బొబ్బర్లా?" అంది అమ్మమ్మ. అవునన్నాను. "ఎనిమిదేనా? ఒక్క గారెకి కూడా రావు."

నాన్న నిద్ర కళ్ళతో వచ్చి, "వాటిని అలసందలు అని కూడా అంటారు" అని చెప్పి మళ్ళీ పడుకున్నారు.

ఆటలు

ఈ వారం జరిమానాల వారం. గురువారం మెల్‌బోర్న్ టెస్టులో 19 ఏళ్ళ శామ్ కాన్‌స్టాస్ మొదటిసారి ఆడాడు. మా సిడ్నీ అబ్బాయే. బుమ్రా వేసిన బంతుల్ని తిరగేసి వెనక్కి కొట్టాడు. 65 బంతుల్లో 60. మధ్యలో కోహ్లీ వెళ్ళి అతని భుజానికి భుజం తగిలించాడు. మ్యాచ్ ఫీజులో 20 శాతం జరిమానా పడింది. శుక్రవారం న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ చెస్ పోటీలకి మాగ్నస్ కార్ల్‌సన్ జీన్స్ వేసుకుని వచ్చాడు. అక్కడ జీన్స్ వేసుకోకూడదు. 200 డాలర్లు జరిమానా వేసి, ప్యాంటు మార్చుకుని రమ్మన్నారు. రేపు మార్చుకుంటా అన్నాడు. తర్వాతి రౌండులో ఆడనివ్వలేదు. వెళ్ళిపోయాడు. తర్వాత నిబంధన కొంచెం సడలిస్తే బ్లిట్జ్‌కి తిరిగి వచ్చాడు.

"ప్యాంటు మార్చుకోమంటే ఆటే మానేసి పోయాడా?" అంది అమ్మమ్మ. "మన బుజ్జిగాడే నయం, అన్నం పెడతామంటే మార్చుకుంటాడు." బుజ్జిగాడంటే మా తమ్ముడు. ఆరడుగుల ఒక అంగుళం ఉంటాడు.

ఇప్పుడు అసలు సంగతి. శనివారం, డిసెంబర్ 28.

ఆస్ట్రేలియా 474. భారత్ 191కి 6 వికెట్లు. అప్పుడు ఎనిమిదో నంబరులో నితీశ్ కుమార్ రెడ్డి వచ్చాడు. 21 ఏళ్ళు, విశాఖపట్నం. మా నాన్న ఒక్కసారిగా ఆ అబ్బాయికి పెదనాన్న అయిపోయారు. నాన్నకి ఆ వీధి తెలుసట, ఆ గ్రౌండు తెలుసట, ఆ గ్రౌండు పక్క బజ్జీల బండి కూడా తెలుసట. నితీశ్ 50 కొట్టి, పుష్ప సినిమాలోలా గడ్డం కింద బ్యాటు తిప్పాడు. నాన్న టీవీ రిమోట్‌తో అదే చేశారు. అమ్మమ్మ తన అల్లుడిని అలా చూడటం ఇదే మొదటిసారి అనుకుంటా. తల తిప్పేసుకుంది.

వాషింగ్టన్ సుందర్‌తో కలిసి నితీశ్ 127 పరుగులు జోడించాడు. సుందర్ అవుటయ్యాడు. బుమ్రా వచ్చి, పరుగేమీ చేయకుండానే కమిన్స్ బంతికి అవుటయ్యాడు. నితీశ్ 99. తొమ్మిది వికెట్లు పోయాయి. ఆ ఓవర్లో ఇంకా మూడు బంతులు ఉన్నాయి. వాటిని ఆడాల్సింది మహమ్మద్ సిరాజ్, హైదరాబాద్. బ్యాటింగ్ కోసం ఎవరూ సిరాజ్‌ని జట్టులోకి తీసుకోరు.

"అత్తయ్య గారూ, మీరు కంగారు పడకండి" అన్నారు నాన్న. ఆయన సోఫా వెనక నిలబడి, గోడ వైపు తిరిగి ఉన్నారు.

సిరాజ్ మొదటి బంతి ఆపాడు. రెండోది ఆపాడు. మూడోది కూడా ఆపాడు. ఎంసీజీలో జనం ఆ మూడో బంతికి సెంచరీ కొట్టినట్టు అరిచారు. తర్వాతి ఓవర్లో నితీశ్ బోలండ్ బంతిని మిడాన్ మీదుగా ఫోర్ కొట్టాడు. వంద. ఒక మోకాలి మీద కూర్చుని, బ్యాటు నిలబెట్టి దాని మీద హెల్మెట్ పెట్టాడు.

అప్పుడు టీవీలో నితీశ్ వాళ్ళ నాన్న ముత్యాల రెడ్డి గారిని చూపించారు. కొడుకు ఆట కోసం హిందుస్తాన్ జింక్‌లో ఉద్యోగం వదిలేసిన మనిషి. చేతులు జోడించి ఏడుస్తున్నారు. నేను అమ్మమ్మతో గబగబా, "చూడు, చూడు, వాడు ఆడుతున్నాడు, నితీశ్ నాన్న" అన్నాను.

"పెద్దాయన్ని పట్టుకుని వాడంటావేంటే? ఆడటం ఏంటి, ఏడుస్తున్నారు పాపం."

ఆడటం, ఏడవటం. నాకు ఇవి ఎప్పుడూ కలిసిపోతాయి. వెనక్కి తిరిగి చూస్తే మా నాన్న కూడా ఆడుతున్నారు.

ఆదివారం పొద్దున ఇంకో వార్త వచ్చింది. కార్ల్‌సన్ అలిగి వెళ్ళిన ఆ పోటీల్లోనే, మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ కోనేరు హంపి గెలిచారు. 11 రౌండ్లలో 8.5 పాయింట్లు. మొదటి రౌండ్ ఓడిపోయి కూడా. 2019లో ఒకసారి గెలిచారు, ఇది రెండోసారి. హంపి గారు పుట్టింది 1987లో, గుడివాడలో. మా అమ్మమ్మ గుడివాడలో! వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, "అబ్బాయ్, నిన్న మీ ఊరు, ఇవాళ మా ఊరు" అని నాన్నకి చెప్పి వెళ్ళిపోయింది.

మనలాంటి నేర్చుకునేవాళ్ళకి ఇందులో ఒక మంచి విషయం ఉంది. ఆమె నాన్న అశోక్ గారు "ఛాంపియన్" అనే మాటలోంచి తీసి ఆ పేరు పెట్టారు. తర్వాత రష్యన్ పేరులా ఉండాలని ఇంగ్లీషు అక్షరాలు కొంచెం మార్చారు. 15 ఏళ్ళకే, 2002లో, గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ఈసారి న్యూయార్క్ వెళ్ళే ముందు ఆట మానేద్దామా అని కూడా ఆలోచించారట. 37 ఏళ్ళ వయసులో, మొదటి ఆట ఓడిపోయాక కూడా, ఆమె మిగిలిన పది ఆడారు. నేను ఒక్క తప్పు మాటకి వారం రోజులు నోరు మూసుకుంటాను.

సోమవారం భారత్ ఓడిపోయింది, 184 పరుగులతో. ఐదు రోజుల్లో 3,73,691 మంది చూసిన టెస్టు. ఇక్కడ నాకు వ్యాకరణంలో దెబ్బ తగిలింది. తమ్ముడు ఎగురుతున్నాడు. నేను అమ్మమ్మతో "మనం గెలిచాం" అన్నాను.

"మనం ఎక్కడ గెలిచామే? ఓడిపోయాం కదా."

సరే, దిద్దుకుందాం అనుకున్నాను. పుస్తకంలో చదివాను కదా, వినేవాళ్ళు కలిస్తే "మనం", కలవకపోతే "మేం". చాలా గర్వంగా, "మేం గెలిచాం, మీరు ఓడిపోయారు" అన్నాను. వ్యాకరణం సరిగ్గా ఉంది. అమ్మమ్మ ఏమీ అనలేదు. ఇంగ్లీషులో ఆ ఒక్క మాట చాలు, అందులో ఎవరున్నారో ఎవరూ అడగరు. తెలుగులో నోరు తెరవకముందే ఎవరు లోపల, ఎవరు బయట అని తేల్చుకోవాలి. 26 ఏళ్ళ నుంచి నేను తేల్చుకోని విషయం అది. కాసేపయ్యాక అమ్మమ్మే, "సరేలే, వాళ్ళు గెలిచారు. మనం అన్నం తిందాం రా" అంది.

ఇల్లు

శనివారం సాయంత్రానికి తిరిగి వస్తాను. నాన్న ఎందుకు ఏడ్చారు? నితీశ్ కోసమే అనుకున్నాను. అయినా అడిగాను, ఈసారి తెలుగులో. "నాన్నా, ఎందుకు... మీకు ఏమి... ఎందుకు ఏడ్చారు?" అని. మూడు ముక్కల్లో అడిగాను. నాన్న ఇంగ్లీషులో ఏదో చెప్పబోయారు. అమ్మమ్మ పక్కనుంచి, "అది తెలుగులో అడిగింది కదా అబ్బాయ్" అంది.

నాన్న కాసేపు ఆగారు. తర్వాత చెప్పారు. సిరాజ్ నాన్న ఆటో నడిపేవారు. 2020 నవంబర్‌లో ఆయన పోయినప్పుడు సిరాజ్ జట్టుతో ఇక్కడే, సిడ్నీలో, క్వారంటైన్‌లో ఉన్నాడు. ఇంటికి వెళ్ళకుండా ఉండిపోయాడు. మా నాయనమ్మ విశాఖలో 2021లో పోయింది. అప్పుడు ఆస్ట్రేలియా సరిహద్దులు మూసేసి ఉన్నాయి. నాన్న వెళ్ళలేకపోయారని నాకు తెలుసు. ఇంగ్లీషులో ఆ ఒక్క వాక్యం చాలాసార్లు విన్నాను. శనివారం తెలుగులో మిగతాది విన్నాను. ఆ రాత్రి మా నిద్ర పాడవకూడదని నాన్న గరాజ్‌లో కారులో కూర్చుని, ఫోన్లో దహనం చూశారు. మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి అయిపోయింది. పొద్దున మామూలుగా లేచి మాకు దోసెలు వేశారు. నాకు ఆ దోసెలు గుర్తున్నాయి. అంతకంటే ఏమీ తెలియదు.

నేను తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. నాయనమ్మతో ఫోన్లో నాకు రెండే ప్రశ్నలు వచ్చేవి: బాగున్నావా, తిన్నావా. ఆమె రెండింటికీ అవునని చెప్పేది. మూడో ప్రశ్న నా దగ్గర లేదు.

ఈ కథ చెప్పడానికి నాన్నకి నలభై నిమిషాలు పట్టింది. శుక్రవారం ఇంగ్లీషులో రెండు నిమిషాలు.

నా అభిప్రాయం

కాబట్టి ఈ వారం నా అభిప్రాయం ఇది. తెలుగు నేర్చుకుంటున్న పిల్లలు ఇంట్లో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతే, పెద్దవాళ్ళు వెంటనే ఇంగ్లీషులోకి మారకూడదు. మూడు బంతులు ఆగాలి. సిరాజ్‌లాగ. ఆయన ఆ రోజు పెద్దగా పరుగులేమీ కొట్టక్కర్లేదు, అవుట్ కాకుండా ఉంటే చాలు. పెద్దవాళ్ళు కూడా మాకు వ్యాకరణం చెప్పక్కర్లేదు, పద్యాలు నేర్పక్కర్లేదు. మా వాక్యం పూర్తయ్యేదాకా తెలుగులో ఉండండి చాలు.

మీరు ఇంగ్లీషులోకి మారేది ప్రేమతోనే, నాకు తెలుసు. పిల్ల ఇబ్బంది పడుతోంది, ఆదుకుందాం అనుకుంటారు. కానీ ప్రతిసారీ ఆదుకుంటే మేం ఎప్పటికీ 99 దగ్గరే ఉంటాం. నిజం చెప్పాలంటే చాలామందిమి 9 దగ్గర. ఈ ఐదు నెలల్లో నా తెలుగు మూడేళ్ళలో పెరిగినదానికంటే ఎక్కువ పెరిగింది. కారణం ఒక్కటే. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, కాబట్టి ఆమె మారలేదు. నేను "చీపురు" అనే మాట రాక "ఇల్లు ఊడ్చే జుట్టు" అంటే, ఆగి, ఆలోచించి, తెచ్చి ఇచ్చింది. అమ్మ అయితే మొదటి మాటకే ఇంగ్లీషులో అడిగి తెచ్చి ఇచ్చేసేది. చీపురు వచ్చేది, మాట వచ్చేది కాదు.

ఇంటి బయట మాకు ఇంకో దారి పెద్దగా లేదు. నేను హెచ్‌ఎస్‌సీ రాసినప్పుడు హిందీ ఉంది, తమిళం ఉంది, తెలుగు లేదు. మా కజిన్ హైదరాబాద్ నుంచి వచ్చి శాశ్వత నివాసం కోసం తెలుగులో సీసీఎల్ పరీక్ష రాశాడు. 90కి 63 వస్తే 5 పాయింట్లు. వాడికి వచ్చాయి. నాకు తెలుగు వస్తే ఎవరూ పాయింట్లు ఇవ్వరు, నేను ఇక్కడే పుట్టాను కాబట్టి. నాకు ఉన్న ఒక్క పరీక్ష హాలు మా భోజనాల బల్ల.

ఆదివారం రాత్రి ఈ మాట ఇంట్లో చెప్పాను. అమ్మ గిన్నెలు సర్దుతూ వింది. తర్వాత అంది, "రెండో క్లాసులో స్కూలు గేటు దగ్గర నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. నాకు ఏడేళ్ళు. అమ్మ గేటు దగ్గర తెలుగులో పిలిచింది. పక్కన నా స్నేహితులు ఉన్నారు. ఇక్కడ అలా మాట్లాడొద్దు అని ఇంగ్లీషులో చెప్పాను. అమ్మ ఆ రోజు నుంచి గేటు దగ్గర మాట్లాడలేదు. తర్వాత కారులో మాట్లాడలేదు. తర్వాత ఇంట్లో కూడా తగ్గిపోయింది. "నువ్వే వద్దన్నావు, నేను ఆపేశాను. మళ్ళీ మొదలుపెట్టమని ఎవరూ చెప్పలేదు" అంది. కోపంగా అనలేదు. గిన్నెలు సర్దుతూనే అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఏడేళ్ళ పిల్ల మాట అంత దూరం వెళ్తుందని నాకు తెలియదు. అందుకే మూడు బంతులు పెద్దవాళ్ళకే కాదు, మనకీ ఉన్నాయి. మాట రాకపోతే వెంటనే ఇంగ్లీషులోకి పరిగెత్తకూడదు. చుట్టూ తిరిగి చెప్పాలి. ఇల్లు ఊడ్చే జుట్టు అనాలి. ఇంకా ముఖ్యంగా, మనకి కావాలని మన నోటితో అడగాలి. అమ్మ ఎదురు చూస్తోందని నాకు తెలియదు. నేను అడుగుతానని అమ్మకి తెలియదు.

నాన్న కూడా ఒక అభ్యంతరం చెప్పారు. "పది గంటలు పని చేసి వచ్చాక ఓపిక ఎక్కడిది? డాక్టరు దగ్గర, బ్యాంకులో, కారు రివర్స్ చేసేటప్పుడు మూడు బంతులు ఆగితే గోడ గుద్దేస్తావు." నిజమే. ఒప్పుకున్నాను. కాబట్టి మా ఇంట్లో ఒప్పందం ఇలా కుదిరింది. రాత్రి భోజనం అరగంట మాత్రమే. వాక్యం మధ్యలో దిద్దకూడదు, అయ్యాక దిద్దొచ్చు. నవ్వొచ్చు, అది కూడా వాక్యం అయ్యాకే. వాట్సాప్‌లో పెట్టకూడదు. ఈ ఆఖరి దానికి అమ్మ ఇంకా సంతకం పెట్టలేదు. తమ్ముడు అన్నం అయిపోయేదాకా మాట్లాడకుండా కూర్చుంటానన్నాడు. అది కూడా ఒక పద్ధతే.

మొదటి పరీక్ష జనవరి 1న వచ్చింది. హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్ళాం. మా ఇంటి నుంచి గంట పైగా ప్రయాణం, కొత్త సంవత్సరం రోజు పార్కింగ్‌కి ఇంకో అరగంట. లోపల అర్చనకి పూజారి గారు నన్నే చూసి, గోత్రం, నక్షత్రం అడిగారు. నా వెనక పొడుగు లైను. అమ్మ నోరు తెరిచింది. అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఉండవే, దాన్ని చెప్పనీ" అంది.

గోత్రం చెప్పాను. సరిగ్గానే వచ్చింది. తర్వాత నక్షత్రం. ఒక బంతి. రెండు బంతులు. మూడో బంతికి, "జెమిని" అన్నాను.

పూజారి గారు చాలా మంచివారు. నవ్వకుండా అమ్మమ్మ వైపు చూశారు. అమ్మమ్మ అసలు నక్షత్రం చెప్పింది. వెనక లైనులో మాత్రం అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాక్యం అయిపోయింది కాబట్టి ఒప్పందం ప్రకారం అది సరే.

ఇవాళ అమ్మమ్మ పెట్టె సర్దుతున్నాం. 30 కిలోలు దాటకూడదు. నాన్న పెట్టె పట్టుకుని బరువు చూసుకునే మిషన్ మీద నిలబడ్డారు, తర్వాత పెట్టె లేకుండా నిలబడ్డారు, తర్వాత పెట్టె సంగతి మర్చిపోయి తన బరువు చూసుకుని బాధపడ్డారు. పెట్టెలో విటమిన్ మాత్రలు, చాక్లెట్లు, తేనె సీసాలు ఉన్నాయి. చీపురు ఇక్కడే వదిలేసి వెళ్తోంది. వచ్చేవారం నుంచి ఆమె ఫోన్లో ఉంటుంది, సిడ్నీలో రాత్రి భోజనం టైముకి గుడివాడలో మధ్యాహ్నం. నా మూడో ప్రశ్న సిద్ధం చేసుకుంటున్నాను. బొబ్బర్లు మొలకెత్తాయా అని అడుగుతాను.

ఈ వారం మాటలు

సమ్మె: పని ఆపేయడం. సొమ్ము: డబ్బు. రెండూ ఒకే వార్తలో రావచ్చు, జాగ్రత్త.

మనం: వినేవాళ్ళు కూడా లోపల. మేం: వినేవాళ్ళు బయట. విమానాశ్రయంలో వాడే ముందు రెండుసార్లు ఆలోచించండి.

ఆడటం, ఏడవటం: ఈ వారం టీవీ ముందు మా నాన్న రెండూ చేశారు.

మీ ఇంట్లో మూడు బంతులు ఎవరు ఆగుతారో నాకు రాయండి. ఈ వారం తప్పులు కూడా ఎప్పటిలాగే దిద్ది పంపండి, కానీ చివరిదాకా చదివాకే. వచ్చేవారం కలుద్దాం.